ఒక ముక్కు, ముగ్గురు రోగులు

కొత్తగా ఆరోగ్య శాఖలో చేరిన పిల్లలు ఎవరైనా కలిస్తే, మీ సర్వీసులో బాగా గుర్తుండిపోయింది ఏంటండీ అని అడుగుతారు. తుఫాను సంగతి చెప్తానని వాళ్ళ ఆశ. దివిసీమలో పనిచేసిన మనిషి నోట తుఫాను మాట రాకపోతే వినేవాళ్ళకి ఏదో వెలితిగా ఉంటుంది. నేను మాత్రం ముక్కులో పెట్టుకునే పుల్ల గురించి చెప్తాను. వాళ్ళు నవ్వుతారు. మొదట్లో నేనూ నవ్వాను.

అప్పటికి నేను మోపిదేవికి దగ్గర్లో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మహిళా సూపర్‌వైజర్ని. రిటైర్మెంటు దగ్గర పడింది. కరోనా రెండుసార్లు వచ్చి వెళ్ళి, మూడోసారి వచ్చింది. మొదటిసారి మేము టెస్టు పెట్టె పట్టుకుని వీధిలోకి వస్తే జనం పెరటి దారిన పొలాల్లోకి వెళ్ళిపోయేవాళ్ళు. పాజిటివ్ వచ్చిన ఇంటి ముందు కర్రలు కట్టేవాళ్ళు, బ్లీచింగ్ చల్లేవాళ్ళు, పాలాయన ఆ వీధిలోకి రావడం మానేసేవాడు. రెండోసారి ఎవరూ పారిపోలేదు, అందరూ మా గేటు దగ్గరే నిలబడ్డారు. ఆ రోజుల గురించి ఇక్కడ రాయను. మూడోసారి వచ్చేసరికి జబ్బు కాస్త మెత్తబడింది, టెస్టు కిట్టు మెడికల్ షాపులోకి వచ్చింది. ఎవరి ముక్కు సంగతి వాళ్ళే ఇంట్లో కూర్చుని తేల్చుకోవచ్చు.

తేల్చుకోవాలంటే ముందు కిట్టు దొరకాలి. అవనిగడ్డ షాపుల్లో పొద్దున వచ్చినవి మధ్యాహ్నానికి ఉండేవి కావు. మామూలు మనిషి అడిగితే లేవనేవాళ్ళు. తెలిసినవాళ్ళు అడిగితే కౌంటరు కింద నుంచి తీసి పాత పేపర్లో చుట్టి ఇచ్చేవాళ్ళు. బందరు నుంచి వచ్చే బస్సు కండక్టరుతో చెప్పి తెప్పించుకున్నవాళ్ళు ఉన్నారు. విచిత్రం ఏంటంటే, కొన్నవాళ్ళలో ఒక్కరు కూడా తమ కోసం కొన్నవాళ్ళు లేరు. అందరూ పక్కింటివాళ్ళ కోసమే కొన్నారు. ఆ లెక్కన దివిసీమలో జలుబు చేసింది పక్కింటివాళ్ళకి మాత్రమే.

ఇక వాడకం. పెట్టెలో ఒక కాగితం ఉండేది, సన్న అక్షరాల ఇంగ్లీషులో. దాన్ని చదివే ఓపిక ఎవరికి ఉంటుంది? ఒక పెద్దాయన ఆ పుల్లని థర్మామీటరులాగా నాలుక కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఒకావిడ ఆ చిన్న గొట్టంలో ఉన్న నీళ్ళని ముక్కులో వేసుకునే చుక్కల మందనుకుని వేసుకుంది, హాయిగా ఉందని కూడా చెప్పింది. ఇంకో ఇంట్లో భార్యాభర్తలకి ఒక్క కిట్టే దొరికింది. రెండు ముక్కు రంధ్రాల్లోనూ తిప్పాలని ఎవరో చెప్పారు కదా, ఆయన ఒక రంధ్రం, ఆమె ఒక రంధ్రం పంచుకున్నారు. రెండు గీతలు పడ్డాయి. రెండు గీతలు పడితే జబ్బు ఉన్నట్టు, ఒక్క గీతే పడితే లేనట్టు. ఇప్పుడు ఆ జబ్బు ఎవరిదన్నది గొడవ. ఇద్దరూ ఒకే స్కూటరు మీద, ఒకరినొకరు ఆనుకుని, మా ఆసుపత్రికి తీర్పు కోసం వచ్చారు. మా ల్యాబ్ టెక్నీషియన్ ఇద్దరికీ విడివిడిగా టెస్టు చేశాడు. ఇద్దరిదీ. అప్పుడు గాని ఇంట్లో శాంతి కుదరలేదు.

ఈ టెక్నీషియన్ గురించి ఒక మాట చెప్పాలి. నేనూ ఆయనా చాలా ఏళ్ళు ఒకే కప్పు కింద పనిచేశాం. నన్ను అక్కయ్యగారూ అనేవాడు. ప్రపంచంలో ఏదీ ఆయన్ని ఆశ్చర్యపరచదు. మలేరియా స్లైడు చూసినా, జిల్లా నుంచి వచ్చిన సర్క్యులర్ చూసినా మొహం ఒకేలా పెట్టేవాడు. దానికి ఎదురు మా డాక్టరమ్మ. గుడివాడ అమ్మాయి, అదే మొదటి ఉద్యోగం. ప్రతిదీ ఆమెకి బాధ కలిగించేది, ప్రతిదానికీ ఒక ఉపాయం ఆలోచించేది.

ఇప్పుడు చెప్పబోయేదంతా ఆమె ఆలోచించిన ఒక ఉపాయంతోనే మొదలైంది. జనం ఇంట్లో టెస్టు చేసుకుని, పాజిటివ్ వస్తే కిట్టుని కాలవలో పారేసి ఊరుకుంటున్నారు. ఫోన్ యాప్‌లో ఎక్కించమంటే ఎవరూ ఎక్కించడం లేదు. కాబట్టి వాళ్ళకి ఏదైనా లాభం చూపించాలి. కిట్టు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే చాలు, మందుల సంచీ ఇంటికే వస్తుంది, ఎవరికీ చెప్పం అని ప్రకటించింది. పంపాల్సిన నంబరు నాది. మా గేటు మీద, గ్రామ సచివాలయం గోడ మీద, ఊరి గ్రూపులన్నిటిలోనూ నా నంబరు పెట్టారు. మొదట్లో నాకు వచ్చినవన్నీ గుడ్ మార్నింగ్ పూలు. ఒక రొయ్యల రైతు చెరువులో తేలిన రొయ్యల ఫొటో పంపి వీటికేమైనా మందుందా అని అడిగాడు. ఆ తర్వాత మెల్లగా కిట్లు రావడం మొదలైంది.

మందుల సంచీతో పాటు నేనొక చీటీ కూడా పంపేదాన్ని. ఫలానావారికి పాజిటివ్, వారం పాటు ఇంట్లోనే ఉండాలి అని రాసి, డాక్టరమ్మ సంతకం, ఆసుపత్రి ముద్ర. మేము దాన్ని జాగ్రత్త చెప్పే కాగితం అనుకున్నాం. జనం దాన్ని సెలవు కాగితం అనుకున్నారు. నిజానికి వాళ్ళు అనుకున్నదే సరైనది.

ఒక సోమవారం నాకు ఒక ఫొటో వచ్చింది. అవనిగడ్డలో ఉండే ఒక హైస్కూలు మాస్టారు పంపారు. స్టీలు కంచం బోర్లించి, దాని మీద కిట్టు పెట్టి తీసిన ఫొటో. రెండు గీతలు, రెండోది కాటుకతో దిద్దినట్టు ముదురుగా ఉంది. చీటీ పంపాను. మర్నాడు ఎరువుల కొట్టు నడిపే ఒకాయన దగ్గర నుంచి ఇంకో ఫొటో. ఆయనకీ పంపాను. ఆ తర్వాత ఒక కోడలు పిల్ల దగ్గర నుంచి మూడోది. దాన్ని చూస్తుంటే ఏదో తెలిసిన మొహంలాగా అనిపించింది. వెనక్కి వెళ్ళి మొదటి రెండూ తీసి చూశాను. అదే కంచం. అదే బోర్లించడం. మన ఊళ్ళలో గిన్నెల మీదా కంచాల మీదా పేరు చెక్కించుకుంటాం కదా, ఈ కంచం అంచున కూడా ఉంది, కానీ ఫొటోలో చివరి ‘మ్మ’ ఒక్కటే పడింది. కృష్ణా జిల్లాలో సగం మంది ఆడవాళ్ళ పేర్లు దానితోనే ముగుస్తాయి.

టెక్నీషియన్‌కి చూపించాను. ఆయన మూడు ఫొటోలూ తీరిగ్గా చూసి, ముగ్గురూ ఒకే కంచంలో తిన్నారేమో అక్కయ్యగారూ అన్నాడు. ఊరుకోండి, ముగ్గురూ వారం రోజులు హాయిగా ఉంటారు, మనకి జిల్లాలో మంచి పేరొస్తుంది అన్నాడు. అది నిజం. ఇంటి టెస్టుల వివరాలు పంపడంలో మా కేంద్రం ముందుందని అప్పటికే జిల్లా మీటింగులో మెచ్చుకున్నారు.

నాకూ నవ్వు వచ్చింది. నవ్వుతూనే డాక్టరమ్మ దగ్గరకి తీసుకెళ్ళాను. ఆమె నవ్వలేదు.

“ముగ్గురికీ జబ్బు లేదు, బాగుంది. మరి ఆ పుల్ల ఎవరి ముక్కులో పెట్టారండి?” అంది.

ఆ మాటతో నా నవ్వు ఆగిపోయింది. ఫొటో ఎక్కడి నుంచో వచ్చింది. ఆ కిట్టు ఒకరిది. వాళ్ళు మాకు పంపలేదు, మందు తీసుకోలేదు. గీత చూస్తే అంత ముదురు. మొదటి ఫొటో నాకు వచ్చి అప్పటికే కొన్ని రోజులైంది.

డాక్టరమ్మకి ఓపీ వదిలి రావడం కుదరలేదు. నేను మందుల సంచీ, ఆక్సిజన్ చూసే వేలి మిషను, రెండు కొత్త కిట్లు తీసుకుని ఆటో ఎక్కాను. దారిలో ఎరువుల కొట్టాయనకి ఫోన్ చేశాను. ఎలా ఉందండీ అంటే నీరసం గొంతుతో, మంచం మీద నుంచి లేవలేకపోతున్నానండి అన్నాడు. ఆయన గొంతు వెనక పెద్ద హోరు వినిపిస్తోంది. ఆ చప్పుడు ఏంటని అడిగాను. ఫ్యానండి, పాతది అన్నాడు. ఇంతలో ఎవరో, బావా, నీళ్ళు ఇంకా లోపలికి వెళ్ళాయి రా రా, అని కేక వేశారు. పాలకాయతిప్ప బీచిలో ఉన్నాడు మహానుభావుడు. తర్వాత తెలిసింది, అన్నదమ్ముల ఆస్తి పంపకానికి పెద్దమనిషిగా కూర్చోవాల్సి వచ్చింది, ఇద్దరూ కావలసినవాళ్ళే కావడంతో ఏ పక్కా మాట్లాడలేక జబ్బు పడ్డాడు. ఆయనతో నాకు పని లేదనిపించి ఫోన్ పెట్టేశాను.

కోడలు పిల్ల ఇంటికి ముందు వెళ్ళాను. అత్తగారు మాస్కు మీద చీర కొంగు అడ్డం పెట్టుకుని, దూరం నుంచే గది చూపించింది. గుమ్మం దగ్గర తినేసిన పళ్ళెం ఉంది. లోపల ఆ అమ్మాయి మంచం మీద పడుకుని ఫోన్ చూసుకుంటోంది. నన్ను చూసి లేచి దగ్గబోయింది. తలుపు దగ్గరగా వేసి, నేనొచ్చింది నిన్ను పట్టుకోవడానికి కాదు, ఫొటో ఎవరిచ్చారో చెప్పు చాలు అన్నాను. కాసేపు గోరు కొరుక్కుంది. పక్కింటి మాస్టారి భార్య పంపిందని ఒప్పుకుంది.

“ఎందుకమ్మా నీకిది?” అని అడిగాను.

“వారం రోజులు ఒక్కదాన్నే ఉంటాగదండి. అన్నం గుమ్మం దగ్గరికే వస్తుంది. పెళ్ళయ్యాక మధ్యాహ్నం పడుకోవడం ఇదే మేడమ్,” అంది.

బయటికి వచ్చాక అత్తగారు ఎలా ఉందండీ అని అడిగింది. ఇంకో రెండు రోజులు కదలనివ్వకండి అని చెప్పాను. కొత్తగా చేరిన పిల్లలూ, మీరు ఉద్యోగంలో ఉన్నారు కాబట్టి అలా చెప్పకూడదు. నేను రిటైరు కాబోతున్నాను కాబట్టి చెప్పాను.

మాస్టారు పక్కింట్లోనే, వసారాలో పడక్కుర్చీలో ఉన్నారు. చేతిలో పేపరు, మెడలో మఫ్లరు. నా ఆటో చప్పుడు విని మఫ్లరుని చెవుల మీదకి లాక్కున్నారు. నేను మంచీ చెడ్డా ఏమీ మాట్లాడకుండా సంచీలోంచి కొత్త కిట్టు తీసి, ఇంకోసారి చూద్దాం మాస్టారూ అన్నాను. ఒకసారి చేశాం కదండీ, మళ్ళీ ఎందుకు అన్నారు. డాక్టరుగారు చూడమన్నారు అన్నాను. ముక్కు నొప్పిగా ఉందన్నారు. నేను కిట్టు కవరు చింపాను. మఫ్లరు మెల్లగా భుజాల మీదకి జారింది.

“అది మా అక్కదండి,” అన్నారు.

అప్పుడు అంతా చెప్పారు. వాళ్ళక్క మోపిదేవిలో, గుడికి వెళ్ళే దారిలో టిఫిన్ బండి నడుపుతుంది. భర్త పోయాక ఆ బండి మీదే బతుకుతోంది. ఒంట్లో బాగుండకపోతే అనుమానం వచ్చి, మోపిదేవిలోనో అవనిగడ్డలోనో కిట్టు అడిగితే ఊరంతా తెలుస్తుందని, జ్వరంతోనే బస్సెక్కి పామర్రు మీదుగా గుడివాడ వెళ్ళి కొనుక్కొచ్చింది. ఇడ్లీ పిండి రుబ్బే ఆమెకి కరోనా అని తెలిస్తే ఆ బండి దగ్గర మళ్ళీ ఎవరు తింటారు? రెండు గీతలు చూసి తమ్ముడికి ఫొటో పంపింది. ఎవరికీ తెలియనివ్వకుండా బందరు ఆసుపత్రికి తీసుకెళ్ళరా అని అడిగింది.

మరి మీరేం చేశారని అడిగాను. కషాయం తాగమని చెప్పానన్నారు. మర్నాడు ఫోన్ చేస్తే కొంచెం నయంగా ఉందన్నదట. ఆ తర్వాత ఎత్తలేదు. పడుకుని ఉంటుందనుకున్నారు. వెళ్దామనుకునేసరికి, ఇంట్లో చిన్నపిల్లలున్నారు వద్దని భార్య అడ్డం పడిందట. ఇంతలో బందరులో ఏదో ట్రైనింగుకి రమ్మని ఆర్డరు వచ్చింది. ఫొటో చేతిలో ఉంది.

“అక్క పేరు మాత్రం ఎక్కడా బయటికి రానివ్వలేదండి,” అన్నారు.

అది అబద్ధం కాదు. అక్క పేరు ఉండాల్సిన చోట తన పేరు పెట్టుకున్నారు. దాన్ని టీ తాగడానికి వచ్చిన ఎరువుల కొట్టు స్నేహితుడికి పంచారు, భార్య పక్కింటి పిల్లకి పంచింది. సహాయం కోసం పంపిన ఫొటో ముగ్గురికి సహాయపడింది, పంపిన మనిషికి తప్ప.

నాకు కోపం వచ్చింది. కోప్పడబోయి ఆయన మొహం చూశాను. భయమేసిందండి అన్నారు, నాకు వినపడీ వినపడకుండా. రెండోసారి కరోనా వచ్చినప్పుడు వాళ్ళ స్కూల్లో ఆయన పక్క కుర్చీలో కూర్చునే మాస్టారు పోయారు. ఆ కుర్చీ ఇంకా అక్కడే ఉందట. నేను ఆటో ఎక్కాను. ఆయన బైకు మీద వెనకాల వచ్చారు, కాస్త దూరంగా.

మోపిదేవిలో ఆమె ఇంటికి తాళం వేసి ఉంది. ముందు అరుగు పక్కన టిఫిన్ బండికి టార్పాలిన్ కప్పి తాడుతో కట్టేశారు. పక్కింటావిడ బయటకి వచ్చి, ఆవిడ గుడివాడ వెళ్ళిందండి, బస్సెక్కుతుంటే మా వాళ్ళు చూశారు, ఇంకా తిరిగి రాలేదు అని చెప్పింది. ఆటో అతను బండి వెనక్కి తిప్పాడు. నేను మాస్టారి వైపు చూశాను. ఆయన గేటు దగ్గరే నిలబడి, ఇంట్లోనే ఉండాలండి, ఇంట్లో నుంచే మాట్లాడింది అన్నారు.

ఇంటి పక్క సందులోంచి పెరట్లోకి వెళ్ళాను. వెనక తలుపు దగ్గరగా వేసి ఉంది. తోస్తే తెరుచుకుంది. ముందు తలుపుకి తనే తాళం వేసుకుని, పెరటి దారిన లోపలికి వచ్చి ఉంటోంది ఆమె. ఎవరూ తలుపు కొట్టకుండా. ఊరెళ్ళిందని అందరూ నమ్మారు. నమ్మించడం బాగా కుదిరింది, అదే ఆమెకి మీదికొచ్చింది.

వంటగదిలో చాప మీద, గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరి ఆడడం లేదట. పక్కన కషాయం గిన్నె, షుగరు మాత్రల డబ్బా. వేలికి మిషను పెట్టాను. అంకె చూసి, మిషను చెడిపోయిందేమోనని నా వేలికి పెట్టుకుని చూశాను. మిషను బాగానే ఉంది. 108కి ఫోన్ చేస్తుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

“ఆ బండి మా ఇంటి ముందుకొస్తే నా బండి ఇంక కదలదమ్మా,” అంది.

ఒక్కో మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగుతోంది. చచ్చిపోతానన్న భయం ఆ మొహంలో నాకు కనపడలేదు. ఊరికి తెలుస్తుందన్న భయమే కనపడింది. ఆమెతో వాదించే సమయం కాదది. 108 డ్రైవరుతో మాట్లాడి, సైరన్ ఆపేసి, వెనకాల కాలవ గట్టు మీదకి రమ్మన్నాను. అతను ఎందుకని అడగలేదు. అతనికీ ఆ చుట్టుపక్కల ఊళ్ళు తెలుసు.

బండి వచ్చేదాకా ఆమెని కూర్చోబెట్టి వీపు నిమురుతున్నాను. అప్పుడు అడిగింది.

“మా తమ్ముడికి పంపా ఫొటో. ఎవరికీ చెప్పొద్దన్నా. వాడు చెప్పలేదు గదా?”

పెరటి గుమ్మం అవతల మాస్టారు నిలబడి ఉన్నారు. ఆయనకి ఆ మాట వినిపించింది.

“మీ పేరు ఎవరికీ చెప్పలేదమ్మా,” అన్నాను.

“వాడంతే. చిన్నప్పటి నుంచీ నోట్లోంచి మాట రాదు,” అంది. ఆ ఆయాసంలో కూడా ఆ మాట గర్వంగానే అంది.

మాస్టారు చెప్పులు విప్పారు. ఆ సమయంలో కూడా చెప్పులు గుమ్మం పక్కన సరిగ్గా జతగా పెట్టి లోపలికి వచ్చారు. అక్క వద్దురా, దగ్గరికి రాకు అంటూనే ఉంది. కాలవ గట్టు దాకా బురద దారి, స్ట్రెచరు చక్రాలు కదలవు. టిఫిన్ బండి దగ్గర జనం కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ ఒకటి పెరట్లో ఉంటే, దాంట్లో ఆమెని కూర్చోబెట్టారు. ఒక పక్క మాస్టారు, ఒక పక్క 108లో వచ్చిన అతను పట్టుకుని, అరటి చెట్ల మధ్య నుంచి మోసుకెళ్ళారు. సగం దారిలో మాస్టారి మాస్కు జారిపోయింది. రెండు చేతులూ కుర్చీకే ఉన్నాయి. పైకి లాక్కోలేదు. అంబులెన్సులో ఆమె పక్కన ఆయనే కూర్చుని బందరు వెళ్ళారు.

ఇంక ఆ తర్వాత జరిగింది నేను కల్పిస్తే ఎవరూ నమ్మరు. కొన్ని రోజులకి మాస్టారి దగ్గర నుంచి నాకు ఇంకో ఫొటో వచ్చింది. ఈసారి కంచం మీద కాదు, టీపాయ్ మీద. రెండు గీతలు. ఈ గీతలు ఆయన సొంతవి. నేను చీటీ రాశాను. హెడ్ మాస్టారు దాన్ని పక్కన పెట్టేశారట. ఈ నెలలో మీకు ఒకసారి వచ్చి తగ్గింది కదా మాస్టారూ, మళ్ళీ ఎక్కడొస్తుంది అన్నారట. స్నేహితులు కూడా నవ్వారట. ఎరువుల కొట్టాయన ఫోన్ చేసి, ఈసారి ఎవరి ఫొటో బావా అని అడిగాడు. చివరికి మా టెక్నీషియన్ ఆయన ఇంటికి వెళ్ళి టెస్టు చేసి, హెడ్ మాస్టారుకి ఫోన్‌లో చెప్పాడు. ఈయనకి ఇప్పుడే మొదటిసారి వచ్చిందండి అన్నాడు. ఎందుకో వివరం మాత్రం చెప్పలేదు. ఫోన్ పెట్టేశాక నాతో, ఆ మాస్టారు నా జీవితంలో నన్ను ఆశ్చర్యపరిచిన మొదటి మనిషి అక్కయ్యగారూ అన్నాడు. పాజిటివ్ వచ్చినందుకు కాదు, మొహం అంత సంతోషంగా పెట్టుకుని ఉన్నందుకు.

మాస్టారికి నాలుగు రోజుల జ్వరంతో పోయింది. అక్కకి చాలా రోజులు పట్టింది. ఆక్సిజన్ మీద ఉంది, షుగరు అదుపు తప్పింది, ఒక దశలో బందరు డాక్టర్లు గట్టిగా ఏమీ చెప్పలేదు. చివరికి నిలబడింది. చిక్కి సగమై ఇంటికి వచ్చింది. గుడివాడలో బంధువుల ఇంట్లో ఉండి వచ్చానని ఊరికి చెప్పింది. అక్కడ తిండి సరిపడలేదా, అలా అయిపోయావు అని పక్కింటావిడ అడిగిందట.

ఊరు నమ్మిందో లేదో నాకు తెలియదు. ఎవరూ ఏమీ అనలేదు, కానీ ఆమె బండి తెరుస్తుందా అని అందరూ చూస్తున్నారని నాకు తెలుస్తోంది. ఒకరోజు ఆమె మా ఆసుపత్రికి వచ్చింది. చుట్టూ ఎవరూ లేకుండా చూసి, నాకొక కాగితం కావాలమ్మా అంది. ఏం కాగితం అన్నాను.

“నాకు కరోనా రాలేదని రాసివ్వండి,” అంది.

నేనూ డాక్టరమ్మా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా రికార్డుల్లో జబ్బు రాకుండానే ఎక్కిన ముగ్గురు రోగులు ఉన్నారు. వచ్చిందని ముగ్గురికీ ముద్ర వేసి చీటీ ఇచ్చాం. జబ్బు వచ్చి చావు దాకా వెళ్ళిన మనిషి రాలేదని రాసిమ్మంటోంది. డాక్టరమ్మ అలా రాయడం కుదరదమ్మా అని చెప్పింది. చెప్పి, కాసేపు ఆలోచించి, ఇప్పుడు లేదని మాత్రం చూపించగలం అంది.

నా సంచీలో మిగిలిన కిట్టు తీశాను. ఆమె తనే పుల్ల తీసుకుని, చక్కగా, రెండు ముక్కు రంధ్రాల్లోనూ తిప్పింది. చుక్కలు వేసింది. ఆ కిట్టు ఎదురుగా కూర్చుని, ఇడ్లీ పాత్ర మూత తీసే సమయం కోసం చూస్తున్నట్టు చూసింది. ఒక్క గీతే వచ్చింది. రెండో గీత వస్తుందేమోనని కాగితంలో రాసినదానికంటే ఎక్కువసేపు చూశాం, రాలేదు. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఫొటో తీసుకుంది. అక్కడే కూర్చుని తమ్ముడికి పంపింది. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, ఒరేయ్, ఇది మాత్రం అందరికీ చూపించరా అని చెప్పింది.

మాస్టారు మాట తప్పలేదు. తనకి తెలిసినవాళ్ళందరికీ పంపారని తర్వాత నాతో చెప్పారు. ఎరువుల కొట్టు స్నేహితుడికి పంపారు, చుట్టాలకి పంపారు, స్కూలు గ్రూపులో పెట్టారు. భార్య పక్కింటి కోడలు పిల్లకి కూడా పంపింది. నేను రిటైరయ్యే రోజు దాకా కిట్ల ఫొటోలు నా నంబరుకే వచ్చేవి. గుడ్ మార్నింగ్ పూలు వస్తూనే ఉన్నాయి. ఆ ఫొటో మాత్రం ఏ నంబరు నుంచీ నాకు తిరిగి రాలేదు. ఒక్క గీతకి సెలవు ఎవరిస్తారు.